కంకర గుట్ట కింద రాజు

తన దేహం ఎక్కడ ఉంటుందో ఆ రాజు దాచిపెట్టలేదు. కొండ కొమ్మున, దేవతల సింహాసనాల వీపున, రెండు వందలకు పైబడిన పంక్తుల్లో గ్రీకు అక్షరాలు చెక్కించి మరీ చెప్పాడు. ప్రాణం దేవుడి సన్నిధికి వెళ్ళాక, ముసలితనం దాకా చెడకుండా నిలిచిన ఈ శరీరం ఇక్కడే అంతులేని కాలం పడుకుంటుందని అందులో ఉంది. చెప్పిన చోటే వెతికారు. పలుగులతో వెతికారు, సొరంగాలతో వెతికారు, భూగర్భాన్ని కొలిచే యంత్రాలతో వెతికారు. రాజు దొరకలేదు.

ఆ చోటు ఆగ్నేయ టర్కీలో, అడియమాన్ పట్టణానికి ఎగువన ఉన్న నెమ్రుత్ పర్వతం. ఎత్తు 2,100 మీటర్లకు పైమాటే. ఏడాదిలో నెలల తరబడి మంచు కప్పుకుని ఉంటుంది. ఆ కొండ తల మీద మరో గుట్ట ఉంది. అది ప్రకృతి పెట్టింది కాదు, మనిషి పోసింది. పిడికిట్లో పట్టేంత సున్నపురాయి ముక్కలతో, మన భాషలో చెప్పాలంటే కంకరతో, 50 మీటర్ల ఎత్తున, 145 మీటర్ల వెడల్పున శంకువులా పేర్చిన రాశి. దాని తూర్పున, పడమట, ఉత్తరాన మూడు అరుగులు. తూర్పు, పడమటి అరుగుల మీద ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తున దేవతలు వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళ తలలు ఎప్పుడో రాలి, పాదాల ముందు నేల మీద నిలబడ్డాయి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో యూఫ్రటీస్ నది పైపాయల దగ్గర కొమ్మగేనె అనే చిన్న రాజ్యాన్ని ఏలిన మొదటి అంటియోకస్ దీన్ని కట్టించాడు.

ఈ కట్టడం గురించి నూట నలభై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. రాసినదంతా కూడగట్టి చూస్తే నాలుగు గొడవలు కనిపిస్తాయి. రాజు లోపల ఉన్నాడా? కట్టడం ఏ ఏడాదిది? ఇది గ్రీకులదా, పారశీకులదా? చివరిది, దీన్ని కాపాడటం ఎలా? మొదటి గొడవకు దక్కిన సిరా, డబ్బు, ప్రచారం మిగతా మూడింటికీ కలిపినా దక్కలేదని నా అనుమానం. నాకు మాత్రం ఆ మొదటిదే అన్నిటికన్నా పేలవమైన ప్రశ్న అనిపిస్తుంది. ఎందుకో చెప్పే ముందు ఈ కొండ లోకం కంట ఎలా పడిందో చూడాలి.

ప్రాచీన రచయితలెవరూ నెమ్రుత్ పేరెత్తలేదు. ఆ రాజ్యపు రాజధాని సమొసాటలో పుట్టి, దేవుళ్ళను వేళాకోళం చేయడంలో అందెవేసిన చేయి అనిపించుకున్న లూషియన్ కూడా తన ఊరి పక్క కొండ మీద కూర్చున్న ఇంత పెద్ద దేవుళ్ళను వదిలేశాడు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు మాత్రం అవి ఎప్పుడూ తెలుసు. ఎవరు కట్టారో తెలియక నిమ్రోదు పేరు పెట్టుకున్నారు. ఇబ్రహీం ప్రవక్తను అగ్నిలోకి విసిరించాడని చెప్పుకునే అహంకారి రాజు అతను. ఇందులో మనం నవ్వాల్సిందేమీ లేదు. తెలంగాణ పల్లెల్లో పొలాల మధ్య ఇనుప యుగపు సమాధుల మీద గుండ్రంగా పేర్చిన రాళ్ళను చూసి మన పెద్దలు వాటిని రాక్షసగుళ్ళన్నారు. మనిషి శక్తికి మించిన రాతిపని కనబడితే రాక్షసుడికో గర్విష్ఠి రాజుకో అంటగట్టడం అక్కడా ఇక్కడా ఒకటే.

1881లో ఒట్టోమన్ ప్రభుత్వం కోసం రోడ్ల పని చూస్తున్న కార్ల్ సెస్టర్ అనే జర్మన్ ఇంజనీరు ఈ విగ్రహాల కబురు బెర్లిన్‌కు చేరవేశాడు. అతను అవి అసీరియన్లవి అనుకున్నాడు. మరుసటి ఏడాది ఓటో పుక్‌స్టైన్ అనే యువ పండితుడు అతని వెంట కొండెక్కి, సింహాసనాల వెనక్కి వెళ్ళి, అక్కడి గ్రీకు రాతను చదివాక గాని అసలు యజమాని పేరు తేలలేదు. 1883లో రెండు బృందాలు పోటాపోటీగా ఎక్కాయి. ఒకటి పెర్గమోన్ వేదికను వెలికితీసిన కార్ల్ హూమన్‌ది. రెండోది ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఉస్మాన్ హమ్దీ బేది. ఈయన చిత్రకారుడు, ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలకు ప్రాణం పోసిన మనిషి. శిల్పి ఓస్గాన్ ఎఫెందీతో కలిసి ఆ ఏడాదే నెమ్రుత్ మీద ఫ్రెంచిలో పుస్తకం అచ్చువేయించాడు. జర్మన్ల గ్రంథం రావడానికి 1890 దాకా పట్టింది. ఈ కథ చెప్పే యూరప్ పుస్తకాలు చాలావరకు హమ్దీ బేకి ఒక వాక్యం కేటాయించి సరిపెడతాయి. సొంత నేల మీద సొంత ప్రభుత్వం పంపిన మొదటి తరం పురావస్తు పరిశోధకుడికి అది చాలదు.

ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు కొండ దాని మానాన అది ఉంది. మళ్ళీ తలుపు తట్టింది థెరెసా గోయెల్. న్యూయార్క్‌లో 1901లో పుట్టిన యూదు స్త్రీ, చెవులు సరిగా వినిపించవు. 1947లో మొదటిసారి శిఖరం చేరింది. 1953 నుంచి రెండు దశాబ్దాల పాటు ఆ కొండే ఇల్లుగా బతికింది. మంచు కరిగాక మొదలుపెట్టి మళ్ళీ మంచు పడేలోపు ముగించాల్సిన పని, నీళ్ళు కూడా కిందనుంచి మోసుకెళ్ళాల్సిన చోటు. ఆమె సహచరుడు ఫ్రీడ్రిక్ కార్ల్ డోర్నర్ కింద లోయలో అర్సమెయా అనే చోట అంటియోకస్ తండ్రి మిత్రదాతెస్ స్మారకాన్ని 1951లోనే కనిపెట్టి ఉన్నాడు. అక్కడ రాజు నగ్నంగా నిలబడిన హెరాక్లెస్‌తో చేయి కలుపుతున్న శిల్పం ఇప్పటికీ కొండవాలున ఉంది. పక్కనే కొండలోకి 158 మీటర్లు దిగే సొరంగం. దాని చివర ఏమీ లేదు.

గోయెల్‌కు సమాధి కావాలి. గుట్టలోకి సొరంగాలు తవ్వించింది. కంకర జారి మూసుకుపోయింది. 1960లలో భూభౌతిక పరీక్షలు చేయించింది. గది ఉన్నట్టు నమ్మదగిన ఆనవాలు రాలేదు. ఆమె తర్వాత డోర్నర్ 1980లలో మరోసారి ప్రయత్నించాడు. ఫలితం అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆ కంకర గురించే ఆలోచించాలి. అదే కాలపు పొరుగు ఉదాహరణ కాకపోయినా, అదే దేశంలో గోర్డియోన్ దగ్గర మీదాస్ గుట్ట అని పిలిచే సమాధి ఉంది. అది ఎత్తులో దీనికి సమానం, చుట్టుకొలతలో చాలా పెద్దది. 1957లో రోడ్నీ యంగ్ అనే అమెరికన్ మొదట పైనుంచి బోర్లు వేసి, గది ఎటు ఉందో పసిగట్టి, పక్కనుంచి సొరంగం తవ్వి, కర్రలతో కట్టిన గదిలో అరవై దాటిన ఒక రాజు అస్థిపంజరం దగ్గరికి నేరుగా నడిచి వెళ్ళాడు. అది మట్టి గుట్ట. మట్టి తవ్వితే గోడ నిలుస్తుంది. కంకర తవ్వితే ఒక తట్ట తీసిన చోట రెండు తట్టలు వచ్చి పడతాయి. ఇసుకలో గొయ్యి తీసిన పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఇది. రాతి ద్వారం పెడితే బద్దలు కొడతారు, రహస్య మార్గం పెడితే కనిపెడతారు. తలుపే లేకుండా గుట్టంతా తాళంగా మార్చిన మేస్త్రీ ఎవరో గాని గట్టివాడు.

శంకువు లెక్క కడితే ఆ గుట్ట పరిమాణం దగ్గరదగ్గర 2,75,000 ఘనమీటర్లు. అందులో కంకర ఎంత, లోపల సహజంగా ఉన్న కొండరాయి ఎంత అన్నది వేరే లెక్క. గుట్ట నడుమ అసలు శిఖరపు రాయి చాలా ఎత్తు దాకా లేచి ఉందని గోయెల్ తవ్వకాల్లోనే బయటపడింది. అంటే గది ఉంటే కంకరలో కాక, కొండరాయిలో తొలిచి ఉండాలి. ఈ ఒక్క సంగతి తర్వాతి పరిశోధకుల ఆలోచనను మార్చేసింది.

గది ఉందనేవాళ్ళ వాదన బలహీనమైనదేమీ కాదు. రాజు తన మాటల్లోనే ఈ చోటును హియెరోథెసియోన్ అన్నాడు. పవిత్రంగా భద్రపరిచిన చోటు అని దాని భావం. కొమ్మగేనె రాజుల శాసనాల్లోనే కనిపించే మాట ఇది. నెమ్రుత్‌కూ వాడారు, అర్సమెయాకూ వాడారు, దిగువన కరకుష్ అనే మరో గుట్టకూ వాడారు. కరకుష్ అంటే నల్లపిట్ట. స్తంభం మీద గద్ద శిల్పం ఉండటంతో ఆ పేరొచ్చింది. రాణి ఇసియాస్, ఆమె కూతురు అంటియోకిస్, మనవరాలు అకా అక్కడ నిద్రపోయారు. అంటియోకస్ కొడుకు రెండో మిత్రదాతెస్ తన తల్లి కోసం, తోడబుట్టినదాని కోసం, మేనకోడలి కోసం పోయించిన గుట్ట అది. దాని సమాధి గది దొరికింది. దొంగలు ఏనాడో ఖాళీ చేశారు. ఆ గుట్ట చుట్టూ ఉన్న రాళ్ళను రోమన్లు దగ్గర్లోని చెందెరె వాగు మీద వంతెనకు ఎత్తుకుపోయారన్న వాదన ఉంది. మూడు చోట్లా ఒకే మాట వాడినప్పుడు, ఒకచోట నిజంగా సమాధి ఉన్నప్పుడు, మిగతా చోట్లా ఉండాలనుకోవడం సబబే. నేనూ రాజు అక్కడే ఉన్నాడనుకుంటాను. అయితే ఏం? అతను తెలియజేయాలనుకున్నదంతా బయట రాసిపెట్టాడు. లోపల దొరికేవి ఎముకలు, కొంత బంగారం. వాటి కోసం గుట్టను విప్పితే మళ్ళీ పేర్చలేం.

బయట రాసిపెట్టినదాని దగ్గరికి వద్దాం. ఈ రాతను గ్రీకులో నొమోస్ అంటారు, చట్టం అని అర్థం. యూరప్ భాషల్లో చట్టానికి ఒక మాట, రాతి మీద చెక్కిన రాతకు ఒక మాట. తెలుగులో రెండింటికీ శాసనమే. అందుకే కాబోలు, ఈ రాత సారాంశం చదువుతుంటే పరాయిది అనిపించదు. రాజు పుట్టినరోజు ఔద్నయియోస్ నెల 16వ తేదీ, పట్టాభిషేకం లోవోస్ నెల 10వ తేదీ. ఏటా ఆ రెండు రోజులూ పండగ. అంతటితో ఆగలేదు, ప్రతి నెలా 16న, 10న కూడా పూజలు జరగాలి. మన గుళ్ళలో రాజు జన్మనక్షత్రం నాడు నెలనెలా ఉత్సవం జరిపించమని దానం రాయించినట్టే. పూజారి పారశీక దుస్తులు వేసుకుని దేవతల విగ్రహాలకూ పూర్వీకుల ప్రతిమలకూ బంగారు కిరీటాలు పెట్టాలి, సాంబ్రాణి వేయాలి, బల్లల నిండా భోజనం, పాత్రల నిండా ద్రాక్షసారా సిద్ధం చేయాలి. ఊరివాళ్ళు వచ్చినా పరదేశి వచ్చినా ఒకేలా కూర్చోబెట్టి వడ్డించాలి. ఖర్చుకు కొన్ని గ్రామాల ఆదాయం రాసిచ్చాడు.

పాటకూ వాద్యానికీ కొన్ని కుటుంబాలను గుడికి అంకితం చేశాడు. వాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ అదే విద్య నేర్చుకుని వంశపారంపర్యంగా అదే కొలువు చేయాలి. వాళ్ళను మరో పనికి లాగడానికి, బానిసలుగా మార్చడానికి ఏ రాజుకూ అధికారికీ హక్కు లేదు. ఇది చదివినప్పుడు మధ్యయుగపు తెలుగు శాసనాల్లో గుడికి ఇచ్చిన సానులూ వాద్యగాళ్ళూ, వాళ్ళ మాన్యాలూ గుర్తుకు రాక మానవు. రక్షణ ఎంతో, కట్టడి కూడా అంతే. పాడనని అనే స్వేచ్ఛ ఆ పిల్లలకు లేదు. పండితులు ఈ భాగాన్ని రాజు ఔదార్యానికి నిదర్శనంగా చూపించి ముందుకు వెళ్ళిపోతుంటారు. నేనైతే అక్కడ కాసేపు ఆగుతాను. చివర్లో మామూలే, ఈ ధర్మాన్ని నిలిపినవాడికి దేవతల అనుగ్రహం, చెరిపినవాడికీ వాడి వంశానికీ శాపం.

నిజంగా నెలనెలా ఇంత ఎత్తుకు జనం ఎక్కారా? జనవరి మంచులో ద్రాక్షసారా పాత్రలు మోశారా? శాసనంలో ఉన్నదంతా జరిగిందనుకోవడం చరిత్రకారుడికి సాధారణంగా పట్టే జబ్బు. ఉత్తరపు అరుగు మీద వరసగా పడి ఉన్న పలకల మీద బొమ్మా లేదు, అక్షరమూ లేదు. పని పూర్తికాకముందే రాజు పోయాడనీ, కొడుకు కరకుష్ లాంటి సొంత పనుల్లో పడ్డాడనీ అనుకునేవాళ్ళున్నారు. నాకూ ఆ వైపే మొగ్గు.

ఇక తేదీ గొడవ. పడమటి అరుగు మీద ఒక సింహం చెక్కి ఉంది. 1.75 మీటర్ల ఎత్తు, 2.40 మీటర్ల పొడవు. ఒంటి మీదా చుట్టూ 19 నక్షత్రాలు, రొమ్ము మీద నెలవంక. వీపు పైన మూడు పెద్ద తారలకు పేర్లు రాసి ఉన్నాయి. అవి కుజ, బుధ, గురు గ్రహాలు. సింహరాశిలో చంద్రుడితో కలిసి మూడు గ్రహాలు. తెలుగువాళ్ళకు జాతకచక్రం పరిచయం చేయక్కర్లేదు, పంచాంగం తిరగేసే అలవాటున్న ఎవరైనా దీన్ని చూసి ఇది ఫలానా రోజు అని వెతకడం మొదలుపెడతారు. పండితులూ అదే చేశారు. ఓటో నాయ్‌గెబావర్, వాన్ హోసెన్ కలిసి 1959లో క్రీ.పూ. 62 జూలై 7 అని తేల్చారు. యునెస్కో పత్రాల్లోనూ పర్యాటక పలకల మీదా ఇప్పటికీ అదే తేదీ. డోర్నర్ దాన్ని ఒప్పుకోక, తండ్రి పట్టాభిషేకానికి ముడిపెట్టి క్రీ.పూ. 109 దాకా వెనక్కి వెళ్ళాడు. ఈ శతాబ్దంలో బెల్మోంతె, గొంజాలెస్ గార్సియా అనే స్పెయిన్ ఖగోళ పరిశోధకులు అరుగుల దిక్కులనూ సూర్యోదయాలనూ కొలిచి క్రీ.పూ. 49 వైపు మొగ్గారు.

ఒకే బొమ్మ నుంచి అరవై ఏళ్ళ తేడాతో తేదీలు ఎలా వచ్చాయి? చిక్కు ఖగోళశాస్త్రంలో లేదు. ఆకాశంలో ఆ గ్రహాలు ఎప్పుడు కూడాయో లెక్క కట్టడం ఇవాళ నిమిషాల పని. బొమ్మ దేని గురించి చెబుతోందో తెలియకపోవడం వల్లే ఈ తిప్పలు. అది జాతకమా, పట్టాభిషేక ముహూర్తమా, గుట్టకు శంకుస్థాపన చేసిన రోజా, లేక రాజు దేవుడైపోయాడని చెప్పడానికి గీసిన చిహ్నమా? సంఘటన ఏదో ముందే అనుకుని దానికి తగ్గ తేదీ వెతికినవాళ్ళే ఎక్కువ. మన పురాణ పాత్రల జన్మతేదీలను కంప్యూటర్‌తో తేల్చేవాళ్ళ పద్ధతీ ఇదే కాబట్టి, ఈ తప్పు మనకు కొత్త కాదు.

ఒక్కటి మాత్రం ఆ సింహం మీద కచ్చితంగా ఉంది. నెలవంక కూర్చున్న చోట, సింహం రొమ్మున, ఒక నక్షత్రం ఉంది. బాబిలోన్ వాళ్ళు దాన్ని రాజు అన్నారు, గ్రీకులూ రాజనే అన్నారు. మనం దాన్ని మఖ అంటాం. మన లెక్కలో మఖకు అధిదేవతలు పితృదేవతలు. ఇటు చూస్తే అంటియోకస్ తన దేవతల వరసకు పక్కన నిలబెట్టింది సరిగ్గా పితృదేవతలనే. రెండింటికీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఒక తెలుగు పాఠకుడు ఆ రాతి సింహం ముందు నిలబడితే ఈ ఊహ రాకుండా ఉండటం కష్టం.

ఆ పితృదేవతల సంగతి మూడో గొడవకు తలుపు తెరుస్తుంది. అరుగుల అంచున రెండు వరసల పలకలున్నాయి. ఒక వరసలో తండ్రి వైపు పూర్వీకులు, పారశీక చక్రవర్తి దరయవౌషుడి (డేరియస్) నుంచి మొదలై పదిహేను మంది. రెండో వరసలో తల్లి వైపు వాళ్ళు, అలెగ్జాండర్ నుంచి మొదలై పదిహేడు మంది. తల్లి లావొదికె సిరియాను ఏలిన గ్రీకు సెల్యూసిడ్ వంశపు రాజకుమారి కాబట్టి ఆ వైపు వంశవృక్షం సెల్యూసిడ్ల దాకా నమ్మదగినదే. అలెగ్జాండర్ నుంచి రక్తసంబంధం అన్నది మాత్రం కోరిక. వంశావళిని చంద్రుడి దాకో సూర్యుడి దాకో తీసుకెళ్ళిన మన రాజులను చూసినవాళ్ళం, దీన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

విగ్రహాల పేర్లూ ఇలాగే జంటలు. నడుమ కూర్చున్నది జీయస్ ఓరమస్దెస్, అంటే గ్రీకు జీయస్, పారశీక అహురమజ్ద ఒకే దేహంలో. ఒక పక్కన అపొల్లో మిత్ర హేలియోస్ హెర్మెస్. ఆ తర్వాత అర్తగ్నెస్ హెరాక్లెస్ ఆరెస్. ఇంకో పక్కన తల మీద పండ్లూ ధాన్యపు కంకులూ ధరించిన కొమ్మగేనె దేవత, ఆమె పక్కన రాజు తానే. వరసకు రెండు కొసలా సింహం, గద్ద కాపలా. అర్తగ్నెస్ అన్నది అవెస్తాలోని వెరెథ్రఘ్నుడి గ్రీకు రూపం. సంస్కృతంలో అదే మాట వృత్రఘ్నుడు, ఇంద్రుడి బిరుదు. మిత్ర అయితే చెప్పనే అక్కర్లేదు, సూర్యనమస్కారాల్లో మొదట పలికే పేరు అదే. అహుర మన అసురకు దాయాది. కాబట్టి ఇది తూర్పూ పడమరా కలిసిన చోటు అన్నప్పుడు, ఆ తూర్పులో మన మాటలూ కాస్త ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితులకు ఈ కలగలుపు నచ్చలేదు. గ్రీకు కళ దిగజారి, ప్రాచ్య రుచులతో చెడిపోయిందని రాశారు. ఇరవయ్యో శతాబ్దంలో స్వరం మారింది. తూర్పు పడమరల వంతెన, నాగరికతల కౌగిలి అన్నారు. టర్కీ పర్యాటక పత్రాలు ఈ మాటనే ఎత్తుకున్నాయి. రెండూ ఒకే పొరపాటు చేశాయి. గ్రీకు అనేది ఒక డబ్బా, పారశీకం మరో డబ్బా, అంటియోకస్ ఆ రెండింటినీ ఒక గిన్నెలో ఒంపాడు అనుకున్నాయి. డచ్చి పండితుడు మిగెల్ జాన్ వెర్స్‌లూయిస్ 2017లో తెచ్చిన పుస్తకం ఈ ఊహను గట్టిగా కొట్టింది. అతని లెక్కలో శైలి అనేది రక్తం నుంచి రాదు, రాజు ఎంచుకుంటాడు. ఏ దుస్తులు ఏ సందర్భానికి వేసుకోవాలో తెలిసినవాడిలా అంటియోకస్ అప్పటి ప్రపంచమంతా చలామణిలో ఉన్న శైలుల్లోంచి తనకు కావలసినవి ఏరుకున్నాడు.

నేను వెర్స్‌లూయిస్ వైపే. బిరుదులు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. మహారాజు, దేవుడు, న్యాయవంతుడు, ప్రత్యక్షమైనవాడు, రోమన్ల మిత్రుడు, గ్రీకుల మిత్రుడు. ఇంత పొడవు బిరుదావళిలో పారశీకుల మిత్రుడు అన్నది లేదు. కూతురు లావొదికెను ఇచ్చింది మాత్రం అప్పుడు పారశీకాన్ని ఏలుతున్న పార్థియా రాజు రెండో ఒరొదెస్‌కు. అటు రోము, ఇటు పార్థియా, నడుమ యూఫ్రటీస్ రేవులు చేతిలో పెట్టుకున్న చిన్న రాజు. క్రీ.పూ. 38లో మార్క్ ఆంటొనీ సమొసాటను ముట్టడించాడు. అంటియోకస్ మొదట వెయ్యి టాలెంట్లు ఇస్తానన్నాడనీ, ముట్టడి సాగలేక చివరికి ఆంటొనీ మూడు వందలకే సర్దుకుని వెళ్ళాడనీ ప్లూటార్కు రాశాడు. శిఖరం మీద దేవుళ్ళతో చేయి కలుపుతున్న మనిషిని ఈ బేరంతో కలిపి చూస్తే గాని అతను పూర్తిగా అర్థం కాడు. కింద ఎంత నలిగాడో పైన అంత ఎత్తున కూర్చున్నాడు. రాజ్యం క్రీ.శ. 72లో రోమన్ చక్రవర్తి వెస్పేసియన్ చేతుల్లో ముగిసింది. చివరి రాజు మనవడు ఫిలొపాప్పోస్ ఏథెన్స్‌లో పెద్దమనిషిగా స్థిరపడ్డాడు. అక్రొపొలిస్‌కు ఎదురుగా ఉన్న కొండ మీద అతని స్మారకం ఇప్పటికీ నిలిచి ఉంది. కొండ కొమ్మున కూర్చునే పిచ్చి ఆ వంశానికి రోముకు లొంగాక కూడా పోలేదు.

కాపాడటం గురించి రాసేవాళ్ళు తక్కువ. చేయాల్సింది మాత్రం అక్కడే ఎక్కువ. విగ్రహాలు సున్నపురాయి, ఉబ్బెత్తు పలకలు ఇసుకరాయి. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. రాతి పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బిన ప్రతిసారీ ఒక పొర ఊడుతుంది. 1880ల ఛాయాచిత్రాల్లో తూర్పు అరుగు మీది కొమ్మగేనె దేవతకు తల భుజాల మీదే ఉంది. రెండు వేల ఏళ్ళు నిలిచిన ఆ తల ఇరవయ్యో శతాబ్దంలో, మన కళ్ళ ముందు, రాలింది. గుట్ట కూడా మొదట ఇంకాస్త ఎత్తు ఉండేదంటారు. సమాధి కోసం జరిగిన తవ్వకాలు కంకరను కదిలించి కిందికి జార్చాయి. యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది జాతీయ ఉద్యానమైంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ శతాబ్దం మొదట్లో కొంత పని చేశారు. 2006 నుంచి అంకారాలోని మధ్యప్రాచ్య సాంకేతిక విశ్వవిద్యాలయం బాధ్యత తీసుకుంది. విగ్రహాలను కిందికి దించి మ్యూజియంలో పెట్టి, పైన నకళ్ళు ఉంచాలన్న ప్రతిపాదన లేచినప్పుడల్లా గొడవే. ఇసుకరాతి పలకల్ని నీడకు చేర్చడం సమంజసమే. తొమ్మిది మీటర్ల దేవుడిని కొండ దించితే మిగిలేది రాయి మాత్రమే.

ఇంకో నష్టం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. ఈ దేవుళ్ళకు కింద ఊరు ఉండేది. సమొసాట. అంటియోకస్ నివసించిన నగరం. యూఫ్రటీస్ మీద అతాతుర్క్ ఆనకట్ట కట్టాక 1980ల చివర్లో అది నీట మునిగింది. మునిగేలోపు హడావుడిగా తవ్వితే రాజభవనం ఆనవాళ్ళు, రంగురాళ్ళ నేలలు బయటపడ్డాయి. తెలుగువాళ్ళకు ఈ కథ కొత్త కాదు. నాగార్జునకొండ లోయను 1954 నుంచి ఆరేళ్ళ పాటు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి, ఇక్ష్వాకుల రాజధానిని సాగర్ నీళ్ళకు వదిలేశాం. అక్కడ కొండ ద్వీపమై మ్యూజియం మిగిలింది. నెమ్రుత్ దగ్గర కూడా కొండే మిగిలింది. ఊరు పోయి గుడి మిగిలితే, ఆ గుడి ఎందుకు కట్టారో చెప్పగలిగే సాక్ష్యంలో సగం పోయినట్టే. సమాధి గది కోసం ఖర్చుపెట్టిన ఏళ్ళలో కొన్నింటిని రాజభవనం కోసం పెట్టి ఉంటే బాగుండేదని నాకు పదే పదే అనిపిస్తుంది. భవనం నీటి కింద ఉంది, ఇక తవ్వలేం. సమాధి కంకర కింద ఉంది, అదెక్కడికీ పోదు.

2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో అడియమాన్ పట్టణం కుప్పకూలింది. వేలమంది చనిపోయారు. శిఖరం మీది విగ్రహాలకు పెద్ద నష్టం లేదన్న వార్త ఆ రోజుల్లో ప్రపంచ పత్రికల్లో వచ్చింది. కింద శిథిలాల్లో తమవాళ్ళ కోసం వెతుకుతున్న జనానికి ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో గాని, ఆ జనానికి బతుకుతెరువు మాత్రం ఆ విగ్రహాలే. యాత్రికులు రావాలి, వ్యాన్లు కొండెక్కాలి, టీకొట్లు నడవాలి. అటు మలాట్యా, ఇటు అడియమాన్, కొండ మాదంటే మాదని రెండు జిల్లాలు ఏళ్ళ తరబడి పోటీపడేదీ ఇందుకే.

యాత్రికులు ఎక్కేది రెండు వేళల్లో. తెల్లవారకముందే తూర్పు అరుగు దగ్గరికి, పొద్దు వాలేటప్పుడు పడమటి అరుగు దగ్గరికి. దుప్పట్లు కప్పుకుని మెట్ల మీద కూర్చుంటారు. మొదటి కిరణం రాలిన తలల మీద పడగానే ఫోన్లన్నీ లేస్తాయి. జీయస్ గడ్డం ఎర్రబడుతుంది, హెరాక్లెస్ కనుబొమలు ఎర్రబడతాయి. ఒక్కొక్కరూ తల పక్కన నిలబడి ఫొటో దిగుతారు. పండగ ఏ తేదీన జరపాలో, ఎవరికి వడ్డించాలో, పాడే పిల్లలను ఎవరూ బానిసలుగా మార్చకూడదని చెప్పే ఆ రెండు వందల పంక్తులు సింహాసనాల వీపు వైపు, గుట్టకు ముఖం పెట్టి, నీడలో ఉంటాయి.